ఇద్రిస్ కోసం హల్వా

“రవ్వ బాగా ఎర్రబడాలక్కా. తెల్లగా దించితే అది హల్వా కాదు, పసిపిల్లల జావ!”

“మా రేవులో తెల్లగానే దించుతాం. మాడ్చుకు తినేది మీ కొండోళ్లే!”

పొరుగింటి మురువ్వెత్, ఆవిడ తోడికోడలు పొయ్యి దగ్గర వాదులాడుకుంటున్నారు. తెల్లవారకముందే రేవుకి వెళ్లి అప్పుడే ఇంటికొచ్చిన షెంగుల్ గుమ్మంలోనే నిలబడిపోయింది. అది చావింట్లో వండే హల్వా.

“ఎవరు పోయారని వండుతున్నారు?” విసురుగా వచ్చి పొయ్యి ఆర్పేసింది. “మా ఆయన కోసం పడవలింకా వెతుకుతున్నాయి!”

“తప్పమ్మా,” అంది మురువ్వెత్. “ఈ వాసనే పోయినవాళ్లకి అన్నం అంటారు. సముద్రంలో ఉన్న ఇద్రిస్‌ని పస్తుంచకు.”

షెంగుల్ అత్తగారి వైపు తిరిగింది. రోజూ తన పక్కనే రేవులో నిలబడి, కొడుకు తిరిగొస్తాడని ఒట్టేసి చెప్పింది ఆవిడే.

“మీరైనా చెప్పండి అత్తయ్యా!”

నజ్మియె తలెత్తలేదు. “పొద్దున కోస్ట్‌గార్డు వాళ్లు ఫోన్ చేశారే. వెతకడం ఆపేశారట. నీకు చెప్పడానికి నోరు రాలేదు. హల్వా వండమన్నది నేనే.”

షెంగుల్ చాలాసేపు బాణలి వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత పొయ్యి వెలిగించి, మురువ్వెత్ చేతిలోని గరిటె అందుకుంది.

“నీళ్లొద్దు పిన్నీ, పాలు తెండి,” అంది. “నీళ్లు పోసి చేస్తే ఆయన ముట్టుకునేవారు కాదు.”

‘ముట్టుకునేవారు’ అన్న మాట చెవిన పడగానే, అన్నాళ్లూ కంట తడి పెట్టని నజ్మియె గోడకి జారబడి భోరుమంది.

షెంగుల్ ఏడవలేదు. రవ్వ కలుపుతూనే ఉంది.