చుక్కలు ఆపిన సోమవారం

శ్రీనిజకు రెండేళ్లప్పుడు కిడ్నీ పైన క్యాన్సర్ గడ్డ కనిపించింది. అప్పటికే అలాంటి గడ్డలను కోయడం తగ్గిపోయింది. గడ్డను పెంచే జన్యువు నోరు నొక్కే చిన్న ఆర్‌ఎన్‌ఏను వారానికోసారి ముక్కులో చుక్కలుగా వేస్తే గడ్డ కరిగేది, మళ్లీ లేచేది కాదు. సిరిసిల్లలో పిల్లలకు జడలు వేసినంత మామూలుగా తల్లులు ఆ చుక్కలు వేసేవారు. శ్రీనిజ తల్లి లావణ్య ఐదేళ్లలో ఒక్క సోమవారమూ తప్పలేదు.

ఈసారి పరీక్షలు చూసి డాక్టరమ్మ, "ఇక ఆపేయండమ్మా. పాప ఒళ్లే ఆ ఆర్‌ఎన్‌ఏను చేసుకుంటోంది. మనం ఇంకా వేస్తుంటే అది చేసుకోవడం మరిచిపోతుంది" అంది.

"చాలినంత చేసుకోకుంటే ఎట్లమ్మా?"

"నెలనెలా చూస్తాం. ముందు ఒంటిని దాని పని చేసుకోనివ్వాలి."

సోమవారం పొద్దున శ్రీనిజ అలవాటుగా తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. లావణ్య సీసా మూత తీసింది. ఒక్క చుక్క వేస్తే తన భయం తీరుతుంది, కానీ బిడ్డ ఒళ్లు దాని పని మరిచిపోతుంది. మెల్లగా మూత బిగించింది.

"ఎయ్యవా అమ్మా?"

"ఇగ లేదు బిడ్డా. నీ ఒళ్లే చేసుకుంటదట."

"నాకు చేసుడు వస్తదా?"

"వస్తదట. చేస్తున్నట్టు నీకు గూడ తెల్వదట."

శ్రీనిజ సంచి తగిలించుకుని బడికి వెళ్లింది. ఆ రోజంతా లావణ్య మనసు పనిలో నిలవలేదు.

సాయంత్రం పిల్ల మోకాలు గీరుకుని వచ్చింది. పసుపు అద్దబోయిన లావణ్య ఆగిపోయింది. రక్తం దానంతటదే ఆగి, పైన పల్చగా పొక్కు కడుతోంది.

"ఏం చూస్తున్నవమ్మా? ఆకలైతుంది" అంది శ్రీనిజ.