వాకిట్లో నిలబడే అవ్వ

మారిసెల్‌కు అన్నిటికన్నా భయం ఒక్కటే. బిడ్డకు దిష్టి తగులుతుందని.

ఫిలిప్పీన్స్‌లో తొలి బిడ్డ అలాగే పోయాడని ఆమె నమ్మకం. ఎవరో కొత్త మనిషి ముద్దుచేసి వెళ్లింది. ఆ మర్నాటికి జ్వరం.

ఇప్పుడీ మలావీ పల్లెలో ఆమెకు అందరూ కొత్తవాళ్లే. భర్త బోర్లు వేసే పనిమీద ఊళ్లు పట్టుకు తిరుగుతూ వారాల తరబడి రాడు.

రోజూ పొద్దువాలే వేళకు ఫలేసి అవ్వ వచ్చేది. ఒక కంట్లో తెల్లగా పువ్వు. చాప మీద కూలబడి బిడ్డ వైపు వంగేది.

"ఏం మొగుడా, బొజ్జ నిండిందా? పెళ్లానికి ఒక్క చేపైనా దాచావా?"

మారిసెల్ బిడ్డను చటుక్కున గుడ్డలో దాచేసేది.

"చూడు, నా సవతికి ఎంత కుళ్లో" అని నవ్వేది అవ్వ.

వెళ్లేటప్పుడు ఇంకో వింత. "వెళ్తానమ్మా" అని లేచి, వాకిట్లోనే నిలబడిపోయేది.

అడగడానికి మొహమాటమేమో అనుకుంది మారిసెల్. ఒకరోజు ఉప్పు పొట్లం, ఇంకోరోజు సబ్బు ముక్క చేతిలో పెట్టింది.

అవ్వ వాటిని అరుగు మీదే వదిలేసి, కర్ర పొడుచుకుంటూ వాగు దారిన వెళ్లిపోయింది.

పైగా గర్వం, అనుకుంది మారిసెల్.

వానలు మొదలయ్యాయి. బిడ్డ ఒళ్లు కాలిపోసాగింది.

ఆ సాయంత్రం ఆమె తలుపు తీయలేదు.

"మొగుడు అలిగాడా?" బయట అవ్వ గొంతు.

"ఇంక రావద్దు. నీ చూపు మంచిది కాదు" అంది మారిసెల్, వచ్చీరాని చెవా భాషలో.

బయట వాన జోరందుకుంది.

"సరేనమ్మా. వెళ్తాను."

అయినా అడుగులు కదల్లేదు. చాలాసేపటికి కదిలాయి.

తెల్లారేసరికి బిడ్డకు జ్వరం దిగింది. అవ్వ వాగులో దొరికింది.

మారిసెల్ చావింటికి వెళ్లి ఆడవాళ్ల వెనకాల నిలబడింది. పక్కింటి ఎనెలెసి వచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. శవం తల దగ్గర ఒక చాప ఖాళీగా ఉంది.

"కూర్చో. ఇది కూతురి చోటు."

"కూతురా? నేను పరాయిదాన్ని."

"నువ్వొచ్చిన రోజే ఊరిపెద్ద అడిగాడు, ఈ పిల్లకు ఇక్కడ అమ్మగా ఎవరుంటారని. మేమంతా నేల చూశాం. ఆమె ఒక్కతే చేయెత్తింది. సొంత మనవణ్ణి కాకపోతే మొగుడా అని ఎవరైనా పిలుస్తారటే?"

మారిసెల్ ఆ ఖాళీ చాప వైపు చూసింది.

"మరి వాకిట్లో ఎందుకలా నిలబడేది?"

"కూతురు కాస్త దూరం తోడొచ్చి సాగనంపుతుందని. మేమిక్కడ ఎవర్నీ గుమ్మంలోంచే పంపం."

"నాకెవరూ చెప్పలేదే."

"చెప్పబోతే ఆమే వద్దంది. చెప్పించి రప్పించుకుంటే అదేం తోడు, దానంతట అదే వస్తుందిలే అనేది."

మారిసెల్ చాప మీద కూర్చుంది. వీపున ఉన్న బిడ్డను విప్పి, మొదటిసారి అవ్వకు దగ్గరగా పట్టుకుంది.

ఈ సాయంత్రం మీ వాకిట్లోంచి ఏ ముసలామైనా ఒంటరిగా వెళ్లి ఉంటే, ఇల్లు చేరిందో లేదో ఒక్కసారి వెళ్లి చూసి రండి.