సుగుణన్ లేపనం

"అమ్మా, ఆగు! అది వంటనూనె కాదు, మందు!"

సుగుణన్ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది. కార్త్యాయని మూకుట్లో నాలుగో అప్పడం పొంగుతోంది, పచ్చగా.

"కొబ్బరినూనె సీసాలో పోసిపెడితే మందని నాకెలా తెలుస్తుందిరా? ఇంతకీ ఏం ఆకు?"

"కమ్యూనిస్టు పచ్చ. మన కంచె పొడవునా ఉన్నదే. చిన్నప్పుడు మోకాలు గీరుకుంటే నలిపి పసరు పిండేదానివి కాదూ? దాన్నే లేపనంగా చేస్తున్నా."

"మీ నాన్న బతికున్నన్నాళ్లూ ఈ ఇంట్లోంచి వాళ్లకి ఒక్క ఓటు పడనివ్వలేదు. నువ్వు ఏకంగా ఆకే తెచ్చి పొయ్యెక్కించావు!"

షార్జాలో తొమ్మిదేళ్లు క్రేన్ నడిపిన మనిషి కేరళలోని ఒట్టపాలంలో ఆకులు నూరుతున్నాడంటే దానికో కారణం ఉంది. ఎనిమిదేళ్ల కూతురు నిళ. సుగుణన్ ఉద్యోగం చాలించుకుని వచ్చి మూడు నెలలైంది. టాక్సీ దిగగానే తల్లి పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీస్తే, పిల్ల ఆ పళ్లెం వంకే కళ్లప్పగించి చూసింది తప్ప తండ్రి ముఖం చూడలేదు. ఇవాళ్టికీ 'అచ్ఛా', అంటే నాన్నా, అని పిలవదు. చుట్టాన్ని పలకరించినట్టు "మీరు భోంచేశారా?" అంటుంది. దెబ్బ తగిలితే మాత్రం ఏడ్చుకుంటూ నానమ్మ దగ్గరికే పరుగు. ఆ ఏడుపు తన దగ్గరికి మళ్లించుకోవాలని సుగుణన్ ఎత్తు వేశాడు. నవ్వించడం చేతకాని తండ్రి ఇంకేం చేస్తాడు మరి!

మొదటి వాయి మైనం ఎక్కువై గోడకు కొట్టినా పగల్లేదు. రెండోది అప్పడాల పాలైంది. మూడోది కుదిరింది. ఆకు నీడన ఆరబెట్టి, నూనె చిటపటలు ఆగేదాకా కాచి, పలచటి గుడ్డలో వడగట్టి, తేనెమైనం కరిగించి కలిపి, తలనొప్పి మందు ఖాళీ డబ్బాలో పోశాడు. ఇల్లంతా ఆకు వాసన. ఇక పిల్ల పడడమే తరువాయి. అలా అనుకున్నందుకు తనను తానే తిట్టుకున్నాడు.

రెండు రోజులకు నిళ గుమ్మంలో నిలబడింది. మోకాలు ఎర్రగా ఉంది.

"నానమ్మ మీ దగ్గరికి వెళ్లమంది."

సుగుణన్ డబ్బా పట్టుకుని ఎగిరొచ్చాడు. వచ్చాక గుర్తొచ్చింది, తనకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని. ముప్పై అంతస్తుల ఎత్తున కూర్చుని మిక్చరు నమిలిన మొనగాడు గోడమీద కేలండర్ వైపు ముఖం తిప్పుకున్నాడు.

"ముందు నీళ్లతో కడుగుదాం."

"నేనే కడిగేశాను. మందు చుట్టూతా రాయండి. దెబ్బ మీద వద్దు, మండుతుంది."

కేలండర్నే చూస్తూ వేలితో తడిమి రాశాడు.

"ఇప్పుడు ఊదండి."

కళ్లు మూసుకుని ఊదాడు. "ఇంకొంచెం" అంది నిళ. అలా పది నిమిషాలు ఊదించుకుంది.

మర్నాడు పొద్దున్న ఆ మోకాలు చూసి సుగుణన్ కళ్లు నులుముకున్నాడు. గీత లేదు, మచ్చ లేదు! ఆ సాయంత్రం మోచెయ్యి. మూడోనాడు రెండో మోకాలు. దేనికి రాసినా తెల్లారేసరికి మాయం.

సుగుణన్‌కు నేలమీద కాళ్లు ఆగలేదు. భార్య రజిత ఆస్పత్రిలో నర్సు.

"చూశావా, మీ ట్యూబులెందుకు పనికొస్తాయి?" అన్నాడు.

రజిత కూతురి మోకాలు చూసింది, తర్వాత ముఖం చూసింది.

"నా పన్నెండేళ్ల సర్వీసులో ఇలా మానిన గాయం చూడలేదు" అని లోపలికి వెళ్లిపోయింది. అసూయ, అనుకున్నాడు సుగుణన్. డబ్బా మీద 'సుగుణన్ లేపనం' అని కాగితం కూడా అతికించాడు.

వారమంతా ఇంట్లో ఇంకో గొడవ. "నా తమలపాకుల్లోకి సున్నం ఉండనివ్వరా? పసుపు డబ్బా కూడా అడుగంటింది! నీ పాడు మందులో కలిపావా?" అని తల్లి కేకలు.

"నా మందులో సున్నమేంటమ్మా? శాస్త్రం తెలియకుండా మాట్లాడకు" అన్నాడు వైద్యుడు.

పక్కింటి ఓమన ఈ మహిమ విని కొడుకుని తీసుకొచ్చింది. సైకిలు మీంచి పడ్డాడు, పిక్క దోక్కుపోయింది. "రేపటికల్లా మాయం చెల్లెమ్మా!" అని సుగుణన్ గుండెమీద చెయ్యేసుకున్నాడు.

ఐదో రోజు ఓమన డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టింది. "చేట్టా, అన్నలాంటివారు, ఏమనుకోకండి. రాయనివాళ్లకి మానినట్టే మెల్లగా మానుతోంది. మావాడి చర్మం ఏం పాపం చేసింది?"

వీధి వీధంతా నవ్వింది. సుగుణన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ కుర్రాడి గాయాన్ని మాన్పలేని మందు రేపు నిళ గాయాన్నీ మాన్పదు. ఆ పిల్ల మళ్లీ నానమ్మ దగ్గరికే పోతుంది. మహావైద్యుడు కాగితం చింపేసి, డబ్బాను అరటిపాదులో బోర్లించి, వచ్చి మెట్లమీద కూలబడ్డాడు.

"అచ్ఛా!"

ఉలిక్కిపడ్డాడు. చుట్టూ చూశాడు. ఆ ఇంట్లో ఆ పిలుపుకి పలకాల్సింది తనొక్కడే.

"దెబ్బ తగిలింది అచ్ఛా." నిళ పక్కన కూర్చుని కాలు అతని ఒళ్లో పెట్టింది.

సుగుణన్ ముఖం అరటిపాదు వైపు తిప్పుకున్నాడు. "మందు పారబోశానమ్మా. అది ఉత్త దండగ మందు. నీకెందుకు పనిచేసిందో నాకే తెలీదు."

"పోతే పోయిందిలే. నువ్వు ఊదు చాలు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఇంకా కళ్లు తిరిగితే తండ్రెలా అవుతాడు? సుగుణన్ ధైర్యం చిక్కబట్టుకుని, మొదటిసారి కళ్లు తెరిచే ఆ మోకాలి మీదికి వంగాడు.

రక్తం పసుపు వాసన వేసింది.