యువరాణి వేవిళ్లు

పొద్దున్నే పెరట్లో నా కోడలు యువరాణి వాంతి చేసుకుంటుంటే, లోపల నా కొడుకు మణికంఠన్ మగ్గం ఆపి వినేవాడు.

ఆ శబ్దం ఆగాక మళ్ళీ మగ్గం ఆడేది. కాస్త హుషారుగానే ఆడేది.

కోడలు కక్కితే సంతోషపడే ఇల్లు గుడియాత్తం ఊళ్ళో మాది ఒక్కటే అయ్యుంటుంది.

పక్కింటి రాజాంబాళ్ గోడ మీద నుంచి తొంగిచూసి, మీ యువరాణి దెబ్బకు మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసినాయి అనేది. గ్యాసు అని చెప్పేదాన్ని.

మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. పోయినేడు చెప్పుకున్నాం. తర్వాత ఒక్కొక్కరికీ మళ్ళీ వేరే మాట చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈసారి వేలూరు ఆసుపత్రిలో మొదటి స్కాన్ తీసి, గుండె కొట్టుకుంటోంది అన్నారు. కొంచెం నిదానంగా ఉంది, రెండు వారాలు ఆగి రండి అన్నారు.

నిదానం అంటే ఏమిటని మాలో ఎవరమూ అడగలేదు.

ఆ రెండు వారాలు ఎట్లా గడపాలో అక్కడ ఎవరూ చెప్పలేదు.

యువరాణికి తెలుగు మాటే గానీ అక్షరం రాదు. ఇక్కడి బడిలో తమిళం చదివింది. నేను బడికే పోలేదు. చిత్తూరు నుంచి వచ్చే పాత పేపర్లు పట్టుకుని నాకు నేనే కూడబలుక్కున్నాను.

ఒక సాయంత్రం ఆమెకు అట్లాంటిదే ఒక పేపరు చదివి వినిపించాను. వేవిళ్లు గట్టిగా ఉంటే లోపల బిడ్డ గట్టిగా ఉన్నట్టేనని అందులో రాసి ఉంది.

"ఇంకోతూరి చదువు అత్తా," అంది.

మళ్ళీ చదివాను.

ఆ వారంలోనే వీధిలో మా మగ్గానికి పడుగు నూలు చాచి గంజి పెట్టారు. గంజి వాసన వస్తే చాలు, యువరాణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెత్తేది. ఆ పొద్దున పాలు తీసుకుని గంజి కుండ పక్క నుంచే నింపాదిగా నడిచి వచ్చింది.

గడప దగ్గర కొంగు గుర్తొచ్చింది. ముక్కుకు పెట్టుకుంది.

నేను బియ్యం చాటలోకి తల దించుకున్నాను.

కాసేపటికి పెరట్లో శబ్దం. లోపల మగ్గం ఆగింది.

ఉప్పేసిన నిమ్మనీళ్ళు తీసుకుని పోయాను. యువరాణి గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. గొంతులోంచి శబ్దం వస్తోంది. నోట్లోంచి ఏమీ రావడం లేదు. కళ్ళలో తడి లేదు.

శబ్దం చాలనిపించాక, శుభ్రంగా ఉన్న బండ మీద చెంబెడు నీళ్ళు పోసింది, కడిగినట్టు. చెయ్యి తడిచేసుకుని మొహానికి రాసుకుంది.

నేను వెనక్కి వచ్చి తలుపు దగ్గర దగ్గాను. తర్వాత మళ్ళీ వెళ్ళాను.

"ఈ పొద్దు జాస్తిగా ఉండాది అత్తా," అంది గ్లాసు అందుకుంటూ.

"మంచిదే తల్లీ," అన్నాను.

మగ్గం ఆడింది.

మణికంఠన్‌కు ముందు నాకు కడుపులోనే ఇద్దరు పోయారు. రెండుసార్లూ మొదట ఆగిపోయింది వాంతే. రెండోసారి ఆ పొద్దున ఎంత ఆకలేసిందంటే, పెళ్ళయ్యాక ఎన్నడూ తిననంత తిన్నాను. మా అత్త చూసి మురిసిపోయింది.

యువరాణి మా ఎదుట రెండు ముద్దలు తిని, ఇంక వద్దని లేచిపోయేది. మూతపెట్టిన అన్నం గిన్నె సాయంత్రానికి ఖాళీగా ఉండేది.

పిల్లి తినిందేమో అన్నాను ఒకరోజు.

పిల్లే అత్తా అంది.

రోజూ ఆమె పెరట్లోకి పోయేది. రోజూ నేను నిమ్మనీళ్ళు ఇచ్చేదాన్ని. రాజాంబాళ్ మళ్ళీ కోళ్ళ సంగతి ఎత్తితే ముగ్గురమూ నవ్వాం.

స్కాన్ రోజు మణికంఠన్ తానూ వస్తానన్నాడు. నేసిన లుంగీలు అప్పజెప్పే రోజు కదా, నువ్వుండు, అత్త వస్తే చాలు అని యువరాణే ఆపింది. దారిలో పనికొస్తుందని ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టి బస్సెక్కించాడు.

బస్సు లత్తేరి దాటినా ఆ కవరు మడత విప్పలేదు.

"అత్తా, నీకు పోయినప్పుడు ముందే ఏమన్నా తెలిసినాదా?"

"ఏమీ తెలీలేదు తల్లీ."

"ఏమీనా?"

"ఏమీ."

కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వేలూరులో, ముసలిదాన్ని చూసి జాలిపడ్డారేమో, స్కాన్ గదిలోకి నన్నూ రానిచ్చారు. డాక్టరమ్మ యువరాణి కడుపు మీద జిగురు రాసి మిషను ఆనించింది. యా ఊరు, పెళ్ళయి ఎన్నేళ్ళయింది అని తమిళంలో కబుర్లు చెప్పింది.

తర్వాత కబుర్లు ఆగిపోయాయి.

మిషను ఒకేచోట చాలాసేపు ఉంచింది. కొంచెం జరిపి, మళ్ళీ అక్కడికే తెచ్చింది.

"వాంతులు ఎప్పుడు నిలిచిపోయినాయమ్మా?" అని మెల్లగా అడిగింది.

యువరాణి పైకప్పు చూస్తూ పడుకుని ఉంది.

"నిలిచిపోలేదమ్మా," అన్నాను నేను. "ఈ పొద్దున కూడా అయినాది. నేను విన్నాను."

యువరాణి తల తిప్పి నన్ను చూసింది. అట్లా నన్ను ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఔను డాక్టర్," అంది. "అత్త విన్నాది."

డాక్టరమ్మ మిషను పక్కన పెట్టింది. దూది తీసుకుని, కడుపు మీది జిగురును నిదానంగా తుడవసాగింది.