తొమ్మిదో మంచం మాటల పెట్టె

పద్నాలుగేళ్ల ఐసీయూ డ్యూటీలో పేషెంటుతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదని సిస్టర్ ఎస్తేరు గొప్పలు చెప్పుకుంటుంది. ఆ రోజు టిఫిన్ వేళకే పదకొండు ఆడేసింది.

ఇప్పుడు ఐసీయూల్లోకి చుట్టాల్ని రానివ్వడం లేదు. ప్రతి మంచానికీ ఒక మాటల పెట్టె ఉంటుంది. అచ్చం ఇంట్లోవాళ్ల గొంతుతో మాట్లాడుతుంది. అల్లుడి గొంతు పెడితే అలుగుతుంది కూడా.

తొమ్మిదో మంచం మీద గవర్రాజు, రిటైరైన బస్సు కండక్టరు. కొడుకుతో కలిసి బండి మీద వెళ్తుంటే లారీ గుద్దింది. కొడుకు అక్కడికక్కడే పోయాడు. ఆ మాట వింటే ముసలాయన గుండె ఆగిపోతుందని ఎస్తేరే మాటలు రాసిచ్చి, పెట్టెకి కొడుకు గొంతు పెట్టింది.

"నాన్నా, బయటే ఉన్నా. గాబరా పడకు," అంది పెట్టె.

గవర్రాజు మాస్కు పక్కకి జరిపాడు. "మాది ఉమ్మడి కుటుంబం తల్లీ. మా అన్న పిల్లల్ని చూసి మావాడూ నన్ను బాబాయ్ అనే పిలుస్తాడు. ఈ నాన్నా అనేవాడెవడు?"

"ప్రేమ పొంగుకొచ్చిందేమోలెండి," అంది ఎస్తేరు. అది పన్నెండో అబద్ధం.

"టిక్కెట్టు లేనివాడి మొహం ముప్పై ఏళ్లు చూశాను. ఇప్పుడు నీ మొహం అలాగే ఉంది. మావాడున్నాడా?"

ఎస్తేరు పెట్టె కట్టేసి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"లేడు బాబాయ్. నేనే అబద్ధం ఆడించాను."