ఎదురెండలో మనిషి

"ఆ చీకటి తీసెయ్. వాడి ముఖం కనబడాలి," అంటూ కలపదొంగల మనిషి తుపాకీ బల్ల మీద పెట్టాడు.

తను తీయగా పేపర్లో పడ్డ ఫొటోను యొలీమా కంప్యూటర్లో తెరిచింది. ఎదురెండకు యారుమో చెట్టు ఆకులు ఈనెలతో సహా వెలుగుతున్నాయి. కాకెటా అడవిలో దొంగ నరుకుళ్లను విలేకరులకు చూపించిన సాక్షి ఆకారం, టోపీతో, వాటి కింద నల్లగా ఉంది.

ఆమె వెలుగు పెంచింది. నలుపు బూడిదరంగుకు తిరిగింది. ముఖమున్న చోట మచ్చలు తప్ప ఏమీ తేలలేదు.

"ఆకుల వెలుగుకే కెమెరా సరిచేశాను సార్. నీడలో ఏమీ మిగల్లేదు."

"ఎవడు వాడు?"

"పేరు చెప్పలేదు."

వాడు తిట్టుకుంటూ లేచాడు. యొలీమా తల్లి ఎడెల్మీరా ఎదురొచ్చి, "బెల్లం కాఫీ తాగి వెళ్ళు నాయనా," అంది. వాడు గటగటా తాగి వెళ్ళిపోయాడు.

ఎడెల్మీరా తలుపు గడియ వేసి కూతురి వైపు తిరిగింది.

"నా ముక్కైనా తేలుతుందేమోనని పైప్రాణాలు పైనే పోయాయే తల్లీ!"