సోమవారం నుంచి ఇంగ్లీషే

"నో పిగ్ డీల్" అంది జయంతి.

సుధాకరన్ షర్టు గుండీలు పెట్టుకుంటూ ఆగాడు. "పిగ్ కాదు, బిగ్. నడిమధ్యలో పంది యాడనుంచి వచ్చె?"

జయంతి నోట్‌బుక్కులోకి చూసింది. ఇంట్లో తెలుగు మాట్లాడటమే గాని ఆమెకు రాయడం రాదు. ఫోన్‌లో ఇంగ్లీషు పాఠాలు వింటూ అన్నీ తమిళ అక్షరాల్లోనే రాసుకుంటుంది. ఆ అక్షరాల్లో ప, బ ఒకటే.

"పరవాలేదులే అని అర్థం. ఎవరన్నా సారీ చెప్తే అనాల."

"తెలుసులే. గెస్ట్‌హౌస్‌లో దినమూ వింటానే ఉండా. నువ్వు ఒక్కో మాటా విడగొడతా ఉండావు. ఆడికొచ్చే ఫారినోళ్లు కలిపేస్తారు. నోబిగ్డీల్. అంతే."

"నోబిగ్డీల్." మళ్లీ అంది. మళ్లీ అంది. అతను వైట్ టౌన్‌కి గెస్ట్‌హౌస్ డ్యూటీకి వెళ్లిపోయాక కూడా అంటూనే ఉంది. పొయ్యి మీద సాంబారు అడుగంటింది.

ఇంక నాలుగు రోజులే. సోమవారం నుంచి ఇంట్లో కూతురు కీర్తితో ఒకే భాష మాట్లాడాలని మేడమ్ గట్టిగా చెప్పింది. తెలుగు, తమిళం, ఇంగ్లీషు కలిపేస్తే మూడేళ్ల పిల్ల తికమకపడుతుందట. ఏ భాషో మీరే తేల్చుకోండి అంది. ఏదైనా సరే, పుస్తకం చదివినట్టు కాదు, మామూలుగా మాట్లాడినట్టు ఉండాలి. మీ నోట ఎట్లా పలికితే పాపకి అట్లాగే వస్తుంది.

జయంతి ఇంగ్లీషు అంది. అన్నప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు. ఆమె బడి తొమ్మిదో క్లాసుతోనే ఆగిపోయింది.

"స్లీప్ టైట్." అద్దం ముందు నిలబడి పెదాలు చూసుకుంటూ అంది.

"టైటుగా ఎట్లామే నిద్రపోయేది? నిద్రేమన్నా రవికా?" వెనకనుంచి అత్త రాజాత్తి.

"హాయిగా పడుకో అని, అత్తా."

"ఆ మాటే అనరాదా? మన మాట ఏం పాపం చేసింది?"

"లాస్‌పేట బళ్లో మన మాట ఎవరికొస్తాది? రేపు అక్కడ ఎవరన్నా ఏమన్నా అడిగితే బిడ్డ తెల్లమొహం వెయ్యాల్నా?"

రాజాత్తి పిల్ల వైపు చూసింది. "దానికి చెప్పాలని ఎన్ని కథలు పెట్టుకోనుండా. మూడేండ్లుగా కాసుకోనుండా. ఇప్పుడు నేను నోరు మూసుకోని కూచోవాలంటావు."

జయంతి నోట్‌బుక్కులో పేజీ తిప్పింది.

గుమ్మంలో కీర్తి ఒకదాని మీద ఒకటి పేర్చిన స్టీలు గ్లాసులు ధడేలున కూలాయి. అత్తాకోడళ్లు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కీర్తి నింపాదిగా మళ్లీ పేర్చడం మొదలుపెట్టింది.

ఆదివారమంతా జయంతి నోట్‌బుక్ వదల్లేదు. పీసఫ్ కేక్, అంటే చాలా తేలిక. హ్యాంగిన్ దేర్, అంటే ఓపిక పట్టు. ఒకసారి అచ్చం ఫోన్‌లో పాఠం చెప్పే ఆవిడ అన్నట్టే వచ్చేది. మరుక్షణం జారిపోయేది. బట్టలు ఆరేస్తూ అంది, తీస్తూ అంది.

"నా తప్పులన్నీ దానికి అంటుకుంటే?" అని మొగుణ్ని అడిగింది.

"ముందు ఏం చెప్పాలనుకుంటా ఉండావో అది చెప్పు."

"ఇంకా తేల్చుకోలా."

సోమవారం పదిన్నరకు నలుగురూ మేడమ్ గదిలో ఉన్నారు. రాజాత్తి ఒక మూల కుర్చీలో, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. జయంతి చేతి చెమటకు నోట్‌బుక్ అట్ట మెత్తబడింది. కీర్తిని ఆమెకు ఎదురుగా కూర్చోబెట్టారు. నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ జ్ఞాపకం రావడం లేదు.

మేడమ్ కీర్తి జుట్టు పక్కకు తీసి, చెవి వెనక మిషన్ అమర్చి, కంప్యూటర్‌లో మీట నొక్కి, "మాట్లాడండమ్మా, మీ పాప పుట్టి ఇన్నాళ్లకి మొట్టమొదట వినబోయేది మీ గొంతే" అంది.